ఏడుకి ఎన్ని

నెల్లూరు ఆసుపత్రిలో మూడో డోసు ఎక్కుతున్న పూట
తెల్లకోటు పిల్ల ఒకతె అట్టకి కాగితం బిగించుకొచ్చి
నా కుర్చీ పక్కన స్టూలేసుకుంది.
"పోయినసారి మందెక్కినాక వచ్చిన వారం
ఎట్టా గడిచిందో, ఏడుకి ఎన్ని వేయమంటావో
చెప్పు మస్తాన్‌బీ పెద్దమ్మా."

అంకెలు నాకు కొత్తేం కాదు తల్లీ.
డజను గరిటెలకి కూలి ఎంతో,
ఫోర్కు పళ్ళు నాలుగూ విరక్కుండా తీస్తే ఎంతో,
విరిగితే షావుకారు ఎంత కోసుకుంటాడో
ముప్పై ఏళ్ళుగా వేళ్ళ మీదే లెక్క.
వారానికి అంకె ఎట్టా వేస్తారో
అదే తెలీదు.

సోమవారం ఉండాది చూడు,
అది వారం కాదు, బకెట్టు.
మంగళవారం పక్కింట్లో ఎవరో ఎర్రగడ్డలు వేయించారు.
ఉదయగిరి కొండంతా నా కడుపులో తిరిగింది.
బుధవారం పొద్దున్నే స్టీలు గ్లాసు ముట్టుకుంటే
వేళ్ళ కొసల్లో కరెంటు.
నీళ్ళు తాగితే తుప్పు.
అన్నం తింటే తుప్పు.
ఊరికే పెదాలు తడుపుకున్నా
పాత తాళంచెవి నాకినట్టు.

"తిమ్మిర్లు: లేవు, కొంచెం, బాగా, చాలా."
చాలా అన్న మాట చుట్టూ గుండ్రంగా గీశావు.
సరే.
ఈ వేళ్ళు కలివి కర్రని తడిమి
పచ్చి ఎక్కడ ఆరలేదో చెప్పేవి.
నేను చెప్పకముందే ఆకురాయి
ఆగాల్సిన చోట ఆగేది.
ఇప్పుడు రైక హుక్కు పెట్టడానికి
కోడలు ఖైరూన్ రావాల.
దానికి గుండ్రం ఎక్కడ చుడతావు?

శుక్రవారం సంగతి చెప్తా, రాసుకో.
మా ఆయన కాలేషా మాట్లాడే మనిషి కాదు.
నా ముందు కంచం పెట్టి
నేను తోసేస్తే తీసుకెళ్ళే మనిషి.
ఆ పొద్దు కంచం తీయకుండా అటకెక్కాడు.
షావుకారు వద్దని తిప్పి పంపిన గరిటెలు
ఒక గోతాం ఉండాయి, అది దించి
మెడ వంకరపోయిన చెంచా ఒకటి ఏరాడు.
గాజుపెంకుతో గీకి, నువ్వులనూనె పట్టించి
జావలో ముంచి
నోటికి అందించాడు.

ముప్పై ఏళ్ళు చెంచాలు చెక్కిన ఇంట్లో
చెంచాతో తిన్నోళ్ళం కాదు మేం.
అవి హైదరాబాదు పోతాయి, బొంబాయి పోతాయి,
ఎవరిండ్లలోనో గాజు బీరువాల్లో పడుకుంటాయి.
మాకు చెయ్యే చెంచా.

తుప్పు రాలా.
ముందు కొంచెం ఉప్పు తగిలింది.
ఉప్పు వెనకాల రాగి,
బిందెల్లో రాగి కాదమ్మా,
చేలో పండిన రాగి.
మూడు చెంచాలు తిన్నా. నాలుగోది వద్దన్నా.
అప్పుడు చూశా ఆ వంకర,
పెద్దోడు కడుపులో ఉండగా
నడుం పట్టేసి చెయ్యి జారిన వంకర.
నేను చెడగొట్టిందే.

"బాగుంది పెద్దమ్మా, మరి ఏడుకి?"
ఆరు రోజులకి ఒకటి చొప్పున వేసుకో,
శుక్రవారం పొద్దున పావుగంటకి మాత్రం...
"పావుగంటకి గడి లేదే!"
పెన్ను అట్టా ఎత్తి పట్టుకునే ఉంది పాపం.

పక్క కుర్చీలో కలిగిరి మాలకొండయ్య,
కళ్ళు మూసుకుని నిద్రపోయినట్టే ఉన్నాడు.
"అక్కా, నా నోరు కూడా ఇనుమే,
వచ్చేసారికి నాకొకటి తేగలవా?"
గొంతు ఎత్తలేడు, గుసగుసగా అడిగాడు.
ఆ చివర గుండుకి స్కార్ఫు కట్టుకున్న పిల్ల
ఇటు తిరిగింది.

సాయంత్రం బస్సులో సంగం దాటేదాకా
కుర్చీలే లెక్కపెట్టుకున్నా.
పద్నాలుగు. డజనూ రెండు.
నా చేతులతో కాదు, ఖైరూన్ చెక్కాల,
పక్కన కూర్చుని నేను నోటితో చెక్కాల.
కొత్తది కదా, దాని చెయ్యి తిన్నగా పోతుంది.
మెడ కాస్త వంకరగానే రానియ్యమని
గుర్తుగా చెప్పాల.